గట్టు మీద పాపమ్మ

జులై 14

పెద్దమండ్యంలో వాన పడిందట. ఇక్కడ మదనపల్లెలో మబ్బు కూడా లేదు. పొద్దున్నే పాపమ్మ ఫోన్ చేసింది. అరవకపోతే అవతలివాళ్లకు వినబడదని ఆమె నమ్మకం. "అమ్మా, పదును బాగుండాది, సెనక్కాయ ఇత్తనం ఏసేసినాము" అని కేక పెట్టింది. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన జేమ్స్‌కు కూడా వినబడి, "శుభం" అన్నాడు.

నాన్న నాకిచ్చిన మూడెకరాలు అవి. మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నన్నాళ్లూ ఆ భూమి వైపు చూసే తీరిక లేదు. రిటైరయ్యాక ఓపిక లేదు. ముందు పాపమ్మ మొగుడు సేద్యం చేసేవాడు, ఆయన పోయాక పాపమ్మే చేస్తోంది. కాగితం లేదు, నోటి మాటే. ఏటా కౌలు కింద గుత్త డబ్బు తెచ్చి చేతిలో పెడుతుంది, ఒక సంచి కాయలు గుమ్మంలో దించి పోతుంది. వాన తప్పిన ఏడు నేను గుత్తలో కొంత వదిలేస్తాను. అందరూ వదలరు. ఇది ఇక్కడ ఎందుకు రాసుకున్నానో తెలియదు గానీ, రాశాను.

జులై 31

నీరజ ఫోన్ చేసింది. ఆ ఊరి రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు. చిన్న పిల్లే, మాట మాత్రం గట్టిది. పంట నమోదు మొదలైందట. ఎవరి పేరున నమోదైతే, వాన తప్పి పంట పోయినప్పుడు సర్కారు ఇచ్చే సాయం వాళ్ల ఖాతాలోకే పోతుంది. నేనొక సంతకం పెడితే పాపమ్మకు కౌలు కార్డు వస్తుంది, ఆమె పేరే ఎక్కుతుంది. లేదంటే, భూమి నాది కాబట్టి, సేద్యం నేనే చేస్తున్నట్టు పైరులో నిలబడి ఫొటో దిగి వేలిముద్ర వెయ్యాలి.

"కార్డు పదకొండు నెలలకే మేడం. దాంతో భూమి మీద ఏ హక్కూ రాదు. కాగితంలోనే రాసుండాది, మీరే సదువుకోండి" అంది.

చదవగలనమ్మా. నేను ఉద్యోగమంతా డాక్టర్ల చేతిరాత చదివినదాన్ని.

సాయంత్రం పాపమ్మ ఫోన్. ఈసారి అరవలేదు, అందుకే నాకు సరిగ్గా వినబడలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. "ఒక్క సంతకమమ్మా. ఇత్తనాలకని మా ఊరి అంగడి పెట్టుకున్న ఆయప్ప దగ్గర అప్పు తెచ్చినాను, ఆవును సూపించి. పంట పోతే ఆవును తోలుకొని పోతాడు."

"చూద్దాంలే పాపమ్మా" అన్నాను. పంట పోతుందని ఇప్పుడే ఎందుకు అనుకోవాలి, పైరు ఇప్పుడిప్పుడే మొలిచింది.

ఆగస్టు 3, ఆదివారం

ఆరాధన అయ్యాక ప్రకాష్ బాబు పట్టుకున్నాడు. చర్చి కమిటీలో ఉంటాడు. బైబిల్ వచనాలు అటూ ఇటూ అవుతాయేమో గానీ, ఎవరి ఆస్తి ఎవరి పాలైందో మాత్రం తేదీలతో చెబుతాడు. సంగతి ఆయన చెవిన ఎవరు వేశారో. జేమ్సే అయ్యుంటాడు.

"ఫ్లోరమ్మా, సంతకం మాత్రం పెట్టొద్దు. పుంగనూరు దగ్గర ఒకాయన ఇట్లనే పెట్టి, ఇప్పుడు కోర్టు సుట్టూ తిరగతాండాడు."

"ఎవరాయన?"

"పేరు గుర్తు లేదమ్మా. కుప్పంలో మా బామ్మర్ది చెప్పినాడు."

పుంగనూరు మనిషి కష్టం కుప్పం మనిషికి తెలిసిందట, పేరు మాత్రం ఇద్దరికీ తెలియదట. నాకు నవ్వొచ్చింది. నాకైతే భయం ఏమీ లేదు. కానీ జేమ్స్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఆయన భయస్తుడు, పైగా బీపీ మనిషి. ఆయన కోసమైనా కొంచెం ఆలోచించాలి.

ఆగస్టు 7

సంతకానికి పోలేదు. మోకాళ్ల నొప్పి.

ఆగస్టు 11

మోకాళ్లు బాగున్నాయి. బజారుకు పోయాను. బస్టాండు ముందు పెద్దమండ్యం బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు. నేను కూరగాయలు కొనాలి కదా, అటు నడిచాను. ఇంటికొచ్చి చూస్తే వంకాయలు నిన్నటివే ఇంకా ఉన్నాయి.

ఆగస్టు 20

ఫొటో దిగి వచ్చాను. సంతకం గడువు దాటకముందే ఏదో ఒకటి తేల్చమని నీరజ ప్రాణం తీసింది. సంతకం సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు, ఈ ఏటికి ఫొటోతో కానిద్దాం అనుకున్నాను. ఇలా అయితే జేమ్స్‌కూ బెంగ ఉండదు.

ఎన్నేళ్లకో ఆ పొలంలో అడుగు పెట్టాను. ఇస్త్రీ చీర కట్టుకుని పోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పైరు పచ్చగా ఉంది, అక్కడక్కడా పసుపు పూత. నడుమ కంది సాళ్లు. నిజంగా ముచ్చటేసింది.

"ఇంకా లోపలికి రండి మేడం, గట్టు మీద నిలబడితే యాప్ ఒప్పుకోదు" అంది నీరజ ఫోన్ పట్టుకుని. నాకు ఎక్కడ కాలు పెట్టాలో తెలియలేదు, ఎక్కడ పెట్టినా మొక్కే. పాపమ్మ ముందు నడుస్తూ, నా చీర అంచు మట్టికి తగలకుండా పట్టుకుంది. నేను నిలబడ్డాక కూడా పక్కనే ఉంది.

"పాపమ్మక్కా, పక్కకు జరుగు. ఫొటోలో పడతాండావు."

పాపమ్మ రెండడుగులు వేసింది. "ఇంకా" అంది నీరజ. పాపమ్మ పోయి గట్టు ఎక్కి నిలబడింది. ఆమె ముఖం చూడబుద్ధి కాక ఫోన్ వైపే చూశాను. నీరజ నవ్వమని అనలేదు గానీ నేను నవ్వాను, అలవాటు.

తర్వాత అందరికీ వినబడేలా చెప్పాను. "పేరు ఎవరిదైతే ఏం పాపమ్మా, సాయం వస్తే వచ్చిందంతా నీదే. నా మాట."

"మీ మాట సాలమ్మా" అంది.

"మళ్లీ కార్డు గీర్డు అన్నావంటే భూమి బీడు పెట్టేస్తాను చూడు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వింది. తిరుగు బస్సులో మనసు తేలిగ్గా ఉంది. దిగాక జేమ్స్‌కు మైసూర్‌పాకు కొన్నాను.

సెప్టెంబరు 9

ఇక్కడ వాన దంచింది. పాపమ్మకు ఫోన్ చేసి, అక్కడా పడిందా అని అడిగాను. "యాడమ్మా. మబ్బు వచ్చె, పాయె. ఊడలు దిగే టైము. నేల గట్టిపడి పాయె, ఊడ యాడ దిగతాది?" అంది. ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. అది నాకూ తెలుసు, రైతు కూతుర్ని.

సెప్టెంబరు 21, ఆదివారం

చర్చిలో వాన కోసం ప్రార్థన చేశాం. నేను ప్రత్యేకంగా పాపమ్మ పేరు తలుచుకున్నాను. బయటికి రాగానే ప్రకాష్ బాబు, "సంతకం పెట్టలేదు గదా?" అన్నాడు. పెట్టలేదని చెప్పాను. మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోలు నాకెందుకు?

అక్టోబరు 17

పంట పోయింది. వేరుశనగ కట్టె పీకి చూస్తే చెట్టుకు ఒకటో రెండో కాయలు, అవీ గింజ లేని లొట్ట. కట్టె ఆవుకు మేతకే పనికొచ్చిందని పాపమ్మ చెప్పింది. ఈ ఏడు గుత్త వద్దన్నాను. "మీ దయమ్మా" అంది. మండలాన్ని కరువు కింద చేర్చారట, సాయం వస్తుందట.

నవంబరు 17

నీరజ ఫోన్. "టౌన్లో ఉండేవాళ్ల పేర్లు సానా ఎక్కినాయని ఎవరో పైకి అర్జీ పెట్టినారు మేడం. రేపు ఆఫీసర్ వస్తాండాడు. ఒక్కో పేరు పిల్సి, ఊరి ముందర అడగతాడు. మీరు రావాల."

"నేను తప్పేం చేశాను?"

"ఆయన ముందరే సంతకం పెట్టినారంటే, పాపమ్మక్క పేరు రేపే ఎక్కించేస్తాడు మేడం. రేపు దాటితే ఇంగ కాదు" అంది.

నవంబరు 18

ఊరంతా వచ్చింది. రైతు సేవా కేంద్రం ముందు కుర్చీలు వేశారు. నాకు ముందు వరసలో కుర్చీ ఇచ్చారు, పాపమ్మ వెనక నేల మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగులో పెన్ను ఉంది. పెడతాననే పోయాను. ఇది నిజం, దేవుడికి తెలుసు.

నా పేరు పిలిచారు. లేచాను. ఆఫీసర్ నడివయసు మనిషి, మర్యాదస్తుడు. "సేద్యం మీరే చేయించుకున్నారా మేడం? కౌలుకు ఇచ్చుంటే చెప్పండి, ఇప్పుడే సరిచేద్దాం" అన్నాడు. కఠినంగా అడిగి ఉంటే తిరగబడేదాన్నేమో. మెత్తగా అడిగేసరికి బ్యాగు జిప్పు పట్టుకుని నిలబడ్డాను. ఊరంతా నా నోటి వైపు చూస్తోంది. ఆ ఫొటో ఎందుకు దిగావని అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను, అంతే, ఒక్క క్షణం.

వెనక నుంచి పాపమ్మ లేచింది. పాపమ్మ ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, ఊరంతా వినేలా చెప్పింది. "పంట ఆయమ్మదే సార్. ఇత్తనాలూ ఆయమ్మవే. నేను కూలికి పోయేదాన్ని."

ఎవరో నవ్వారు. ఆఫీసర్ మళ్లీ అడిగాడు. "కూలికేనా?"

"కూలికే సార్. పైటాల దాకా, ఒంటిపూట."

రాసుకున్నాడు. ఆమె చేత వేలిముద్ర వేయించాడు. నేను కూర్చున్నాను. నీరజ నా వైపు చూడలేదు.

ఆటో ఎక్కేటప్పుడు పాపమ్మ పరుగున వచ్చి పక్కన వంగింది. "బాగా చెప్పినానా అమ్మా?"

"బాగా చెప్పావు" అన్నాను.

నవంబరు 19

నేనేం చెప్పమనలేదు.

నవంబరు 23, ఆదివారం

చర్చికి పోలేదు. జేమ్స్ ఒక్కడే పోయాడు. నేను బీరువా సర్దాను, మళ్లీ సర్దాను. ఆమె అలా చెప్పకపోయుంటే నేను చెప్పేదాన్నే. నోరు తెరవబోతుండగానే ఆమె లేచింది. చెప్పమని నేనడిగానా? ఈ పేదవాళ్లతో ఇదే చిక్కు, మనం మంచి చేద్దామనుకునే లోపల వాళ్లే ఏదో ఒకటి చేసేస్తారు.

పై వాక్యం కొట్టేయాలి. కొట్టేయను. ఉండనీ, చదువుకుంటాను.

డిసెంబరు 5

డబ్బు నా ఖాతాలో పడింది. మెసేజ్ రెండుసార్లు చూశాను. రేపే పోయి ఇచ్చేస్తాను.

డిసెంబరు 8

ఇంటికి సున్నం వేసే మనుషులొచ్చారు, క్రిస్మస్ కదా. వాళ్లను వదిలి ఎక్కడికి పోను.

డిసెంబరు 12

సున్నం వాళ్లకు ఆ డబ్బులోంచే ఇచ్చాను. జనవరి పింఛను రాగానే కలిపేసి మొత్తం ఒకేసారి ఇస్తాను. ముక్కలు ముక్కలుగా ఇస్తే ఆమెకూ పనికిరాదు.

డిసెంబరు 16

పాపమ్మ ఫోన్. జ్వరాలొస్తున్నాయి జాగ్రత్తమ్మా, కాచిన నీళ్లు తాగండి అని నాకే చెప్పింది, నర్సుకు. డబ్బు మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది. ఎత్తితే కోపం తెచ్చుకునేదాన్ని.

డిసెంబరు 25

పండగ. కేకు బాగా వచ్చింది.

డిసెంబరు 27

నీరజ ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేదు. "అంగడాయప్ప పాపమ్మక్క ఆవును తోలుకొని పోయినాడు మేడం."

"అడిగితే ఇచ్చేదాన్ని కదా, నన్నెందుకు అడగలేదు?"

"యాల అడగతాది? కార్డు అడిగితేనే భూమి బీడు పెట్టేస్తామన్నారంట గదా మీరు. డబ్బు అడిగితే ఏమంటారోనని."

"నవ్వుతూ అన్నాను నీరజా."

"ఆయక్క నవ్వలేదు మేడం. ఇంటికి పోయి ఏడ్చింది."

ఫోన్ పెట్టేశాక జేమ్స్ మీద పడ్డాను. మీ భయం వల్లే ఇదంతా, ఆ సంతకం ఆగస్టులోనే పెట్టేసి ఉంటే ఆ ఆవు కొట్టంలో ఉండేది అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"సంతకం వద్దని నేనెప్పుడు చెప్పినాను ఫ్లోరా?"

"ప్రకాష్ బాబుకు చెప్పింది మీరేగా?"

"సంతకం పెడతాండాము అని చెప్పినాను. నువ్వు పెడతావనుకున్నాను."

జులై నుంచి రాసినదంతా తిరగేశాను. వద్దన్నట్టు ఆయన మాట ఒక్కటి కూడా లేదు. ఆయన మనసులో భయమని నేనే రాశాను. భయం నాది. ఆ మూడెకరాలు పోతాయని కూడా కాదు. పాపమ్మ చేతిలో కాగితం ఉంటే, మా గుమ్మంలో కాయల సంచి దించేటప్పుడు ఆమె వంగే తీరు మారిపోతుందని. ఇది రాసి చాలాసేపు కూర్చున్నాను. సిగ్గేసింది.

డిసెంబరు 29

జేమ్స్ తన దగ్గరున్నది ఇచ్చాడు, సున్నానికి పోయింది పూడింది. మొత్తం తీసుకుని మొదటి బస్సుకే పోయాను. పాపమ్మ ఇంటి ముందు ఖాళీ కొట్టం ఊడుస్తోంది. ఆవు లేని కొట్టం ఊడవడం ఎందుకని అడిగితే, "చెయ్యి ఊరికే ఉండలేదమ్మా" అంది. డబ్బు చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుంది. "మీ ధర్మమమ్మా" అంది.

"ధర్మం కాదు పాపమ్మా, నీదే."

"అట్లే లేమ్మా" అంది, పెద్దవాళ్లు ఏదో అంటారు, ఒప్పుకుంటే పోతుంది అన్నట్టు. అంగడాయన ఆవును అప్పుడే కర్ణాటక సంతకు తోలేశాడట. నేను ఇంకేదో చెప్పబోతుంటే అడ్డం వచ్చింది.

"వచ్చే తూరి గూడా భూమి నాకే ఇస్తారు గదమ్మా? నేను ఆ పొద్దు మీరు చెప్పినట్టే చెప్పినాను గదా."

నేనేం చెప్పమనలేదు అనబోయాను. ఆగస్టులో గట్టు దగ్గర, బీడు పెట్టేస్తానని నవ్వుతూ నేను అన్న మాటే అది. నేను చెప్పినట్టే చెప్పింది.

జనవరి 6

ఇవాళ జరిగింది వరసగా రాసుకోవాలి, లేకపోతే మళ్లీ నాకు అనుకూలంగా గుర్తు పెట్టుకుంటాను.

పాపమ్మను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయాను. నీరజ కూడా వచ్చింది. నవంబరులో వచ్చిన ఆఫీసరే ఉన్నాడు. వచ్చే పంటకు పాపమ్మ పేరున కౌలు కార్డు ఇవ్వండి, సంతకం పెడతాను అన్నాను. ఆయన రికార్డు తెరిపించి చదివాడు. "ఈమె కూలి మనిషి అని రాసుంది మేడం. ఆమె చెప్పి, ఆమె వేలిముద్ర వేసింది. సేద్యం మీది. ఇప్పుడు కౌలుదారు అంటే ఎట్లా?"

"అప్పుడు చెప్పింది తప్పు."

"తప్పయితే ఊరి ముందర ఆఫీసరుకు అబద్ధం చెప్పినట్టు ఈమె మీద రాయాలి."

పాపమ్మ గబుక్కున లేచింది. నా వైపు చూసి, ఆయన వైపు చూసి, గట్టిగా అంది. "అబద్ధం కాదు సార్. పంట ఆయమ్మదే. నేను కూలికే పోతా."

నేను నోరు మూసుకుని కూర్చుంటే అదే మాట రెండోసారి కూడా నిలబడిపోయేది. ఇవాళ కూర్చోలేదు. కాగితం అడిగి తీసుకుని అక్కడే రాశాను. పంట పెట్టింది పాపమ్మ, నేను కాదు, ఆ ఫొటో అబద్ధం, కార్డు అడిగితే భూమి లేదని బెదిరించి ఆమె చేత అలా చెప్పించింది నేనే అని రాశాను. సంతకం పెట్టాను.

ఆఫీసర్ చదివి, అద్దాల మీద నుంచి చూశాడు. "అయితే మీకొచ్చిన సాయం మీరు తిరిగి కట్టాలి మేడం. ఇది ఊళ్లో కూడా చదవాల్సొస్తుంది."

"చదవండి. కడతాను." పాపమ్మకు ఇచ్చింది ఆమెదే, కట్టేది నా పింఛనులోంచి. అది తేలిపోయింది. కార్డుకు పేరు రాసుకున్నారు. ప్రకాష్ బాబుకు వారం తిరక్కముందే తెలుస్తుంది, కుప్పం దాకా పోతుంది.

బయటికి వచ్చేటప్పుడు నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా ఉంది. పాపమ్మ సంతోషిస్తుందనుకున్నాను. బస్టాపు దాకా తల వంచుకుని మా వెనకే నడిచింది. నీరజ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఇంగ నీ పేరే పాపమ్మక్కా, నువ్వే రైతువు" అంటే, తలూపింది. బస్సు వచ్చింది. నేను ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా మీద కోపం వచ్చిందా?"

"కోపమెందుకు?"

"బెదిరించినారని రాసినారు. నేనెవురికీ చెప్పలేదమ్మా ఆ మాట. నీరజమ్మకు ఒక్కదానికే, అదీ ఏడుపొచ్చి. ఇంగ భూమి నాకియ్యరా?"

"కార్డు వస్తోంది కదా పాపమ్మా, నీ పేరుతో."

"కార్డు గాదమ్మా. భూమి."

కండక్టరు విజిల్ వేశాడు. ఇస్తాను, నీకే ఇస్తాను, ఒట్టు అని మెట్టు మీద నిలబడి అరిచాను. "అట్లే లేమ్మా" అంది.

ఇన్నేళ్లూ ఆమె నన్ను నమ్మిందనుకున్నాను. భయపడింది, అంతే. ఇవాళ నిజం చెప్పినా భయపడింది. రేపు మళ్లీ పాపమ్మ ఇంటికి పోవాలి.